ఆరు సిలిండర్లూ పక్కసీటూ

మార్చి 3

ఇంజన్ పోయింది.

మార్చి 4

నిన్న ఒక్క ముక్క రాసి పెన్ను పక్కన పడేశాను. ఇవాళ కాస్త స్థిమితపడ్డాను కాబట్టి వివరంగా రాసుకుంటాను. నేనూ మా ఆవిడా కొండ రోడ్డు ఎక్కుతున్నాం. ముప్పై ఏళ్ళ నాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అలాంటి రోడ్డు మీద ఎలా పాడుతుందో ఆవిడకి విడమరిచి చెప్తున్నాను. రెండో గేరులో ఒక గొంతు, మూడో గేరులో ఇంకో గొంతు. మధ్యలో ఆవిడ ఏదో మీటరు సూది అంది, ఎరుపు అంది. ఒక్క విషయం పూర్తిగా చెప్పనివ్వదు కదా అని నేను గొంతు పెంచాను. ఆ తర్వాత బానెట్ కింద నుంచి ఆవిరి, ఆ తర్వాత పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. వయసైపోయిన ఇంజన్. ఎవరు నడిపినా నిన్నే పోయేది.

లాక్కెళ్ళే బండి వచ్చేదాకా రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాం. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. నాకు ముచ్చటేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి బండి విలువ తెలిసొచ్చిందన్నమాట.

మార్చి 6

మా మరదలికి మోకాలి ఆపరేషన్ అయింది. దగ్గరుండి చూసుకోవాలని ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది. పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్ళింది. మోకాలంటే మాటలా మరి.

గుమ్మంలో నిలబడి, "బండి బాగయ్యాక చెప్పండి. ఎటైనా వెళ్ళి కూర్చుని మాట్లాడుకుందాం. ఇంట్లో మీతో మాట్లాడటం కుదరట్లేదు," అంది.

అంటే బండి బాగైతే వస్తుంది. ఇంతకన్నా తేటతెల్లంగా ఏ భార్య చెప్తుంది? ఇక మిగిలిందల్లా ఏ ఇంజన్ వెయ్యాలన్నదే.

మార్చి 9

షెడ్డుకి వెళ్ళాను. ఇంజన్ విప్పి బల్ల మీద పెట్టారు. పిస్టన్లు సిలిండర్లకి అతుక్కుపోయి, సుత్తితో కొట్టినా కదలడం లేదు. పైభాగం ఇటు నుంచి అటు దాకా పగిలింది.

మా మెకానిక్‌కి నేను పెట్టుకున్న పేరు సరేసార్. కారణం ఉంది.

"దీన్నే బాగుచేద్దామా?"

"సరే సార్."

"వేరే ఇంజన్ వేద్దామా?"

"సరే సార్. అదింకా మంచిది."

"పోనీ మొత్తం బండిని తుక్కుకి ఇచ్చేద్దామా?"

"మీ ఇష్టం సార్. లారీకి ఫోన్ చెయ్యమంటారా?"

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. అలాంటి మనిషి కూడా ఇవాళ ఒక సలహా ఇచ్చాడు. షెడ్డులో ఓ మూల నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒకటి ఉంది, పిల్లల్ని బడికి దింపే మామూలు ఇంటి కారులోది. "ఎక్కడా కొయ్యక్కర్లేదు సార్. దింపడం, బిగించడం. వారంలో తిరిగేస్తారు," అన్నాడు. ఆ మూల ఖాళీ అయితే అతని స్కూటరు నీడలో పెట్టుకోవచ్చు. ఆ సంగతి నేను కనిపెట్టలేననుకున్నాడు పాపం.

స్పోర్ట్స్ కారుకి ఇంటి కారు ఇంజన్! పులి బొమ్మలో మేక గొంతు పెట్టినట్టు ఉంటుంది. ఆలోచిస్తానని మర్యాదగా చెప్పి వచ్చాను.

మార్చి 10

మా ఆవిడకి ఫోన్ చేసి మోకాలెలా ఉందని అడిగాను. ఎవరి మోకాలు అంది. మరదలిది అన్నాను. బాగుంది అంది.

మార్చి 16

ఆదివారాలు పాత బళ్ళవాళ్ళం అందరం పెద్ద మార్కెట్ వెనక పార్కింగ్‌లో కలుస్తాం. ఒకరి బండి చుట్టూ ఒకరం తిరిగి, తల పంకించి, వెనక్కి తిరగ్గానే నవ్వుకుంటాం. నేను బస్సులో వెళ్ళాను. బస్సు దిగడం ఎవరూ చూడకుండా రెండు స్టాపుల ముందే దిగి నడిచాను.

మాలో ఇద్దరి మాటకే విలువ. ఒకాయన్ని అసలాయన అంటాం. బండిలో ప్రతి బోల్టూ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలుదే ఉండాలంటాడు. స్టెప్నీ టైరులో గాలి కూడా అసలుదేనట. ఆయన కారు కదలడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు, లారీ మీద వస్తుంది, లారీ మీద పోతుంది. రెండో ఆయన గుర్రాలాయన. బండి గురించీ మనిషి గురించీ కూడా హార్స్‌పవర్ లెక్కలోనే మాట్లాడతాడు.

అసలాయన నా భుజం మీద చెయ్యి వేసి, "అదే మోడల్, అదే సంవత్సరం ఇంజన్ వెతకండి. పదేళ్ళు పట్టనీండి. ఆగాలి," అన్నాడు.

"పాతదానికి గుర్రాలెన్ని?" అన్నాడు రెండో ఆయన.

"నూట పది."

పోయినవాళ్ళ ఇంటికి వచ్చినవాడిలా మొహం పెట్టాడు. "గురువుగారూ, ఆరు సిలిండర్లది నాకు తెలిసిన చోట ఉంది. రెండొందల అరవై. మీలాంటి వాళ్ళు నూట పదితో సరిపెట్టుకుంటే ఎలా?"

మాటవరసకి, నవ్వుతారని, సరేసార్ చెప్పిన ఇంటి కారు ఇంజన్ సంగతి చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అసలాయన ఫ్లాస్కు మూత బిగించుకుని అటు వెళ్ళిపోయాడు.

బస్సులో వస్తూ అన్ని కోణాల నుంచీ శాస్త్రీయంగా ఆలోచించాను. ఆరు సిలిండర్లదే సరైనది.

మార్చి 19

సూపర్ మార్కెట్ మెట్ల మీద మా మరదలు కనిపించింది. రెండు చేతుల్లో రెండు సంచులు. ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కుతోంది.

"మోకాలెలా ఉందమ్మా?" అన్నాను.

"ఏ మోకాలు బావగారూ? ఓ, అదా. చిన్న చిల్లు పెట్టి చేసేశారు. మర్నాడే నడిచాను."

అక్క ఎప్పుడొస్తుంది అని అడుగుదామనుకున్నాను. ఏ ఇంజనైతే బాగుంటుందని అడిగాను.

"కరెంటు మోటారు పెట్టించండి. చప్పుడుండదు. పక్కనున్న మనిషి మాట్లాడితే వినబడుతుంది."

నవ్వాను. చప్పుడు లేకపోతే స్పోర్ట్స్ కారెందుకు, ఇంట్లో సోఫాలో కూర్చోవచ్చు కదా. ఆ మాటే అన్నాను. "కూర్చోండి మరి," అని పై మెట్టుకి వెళ్ళిపోయింది.

మోకాళ్ళని నమ్మడానికి లేదు. పైకి బాగున్నట్టే కనిపిస్తాయి. కనీసం ఇంకో నెల మనిషి తోడుండాలి.

మార్చి 23

మా ఆవిడే ఫోన్ చేసింది. సంతోషంతో ఆరు సిలిండర్ల గురించి మొదలుపెట్టాను. ఏ సిలిండర్ తర్వాత ఏది మండుతుందో ఆ క్రమం చెప్పాను, ఆ క్రమం వల్ల అదురు ఎందుకు ఉండదో చెప్పాను. చెప్పడం అయ్యాక, "ఉన్నావా?" అన్నాను. లైను పోయిందనుకున్నాను.

"ఉన్నాను," అంది. "చిన్నదైనా ఏదో ఒకటి వేయించెయ్యండి. ఇద్దరం కూర్చుని వెళ్ళేట్టుంటే చాలు. నాకు కావలసింది అంతే."

మొహమాటం. నాకు శ్రమ అని అలా అంటోంది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసినవాణ్ణి, ఆ మాత్రం అర్థం చేసుకోలేనా?

మార్చి 27

ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు పాస్ చెయ్యడం నా పని. ఇవాళ ఒక ప్లాను తిప్పి పంపాను. వంటింటి నుంచి వెనక గదికి పోయే దారి అడుగున్నర పెట్టాడు మహానుభావుడు. 'మనిషి మసలడానికి చోటు వదలనిది ఇల్లు కాదు, అలమార' అని ఎర్ర సిరాతో రాశాను. గుమాస్తా చదివి చాలా బాగుందన్నాడు. నాక్కూడా బాగుందనిపించి ఇక్కడ రాసుకుంటున్నాను.

మధ్యాహ్నం భోజనం మానేసి పెద్ద ఇంజన్ కొలతలు ట్రేసింగ్ కాగితం మీద గీశాను. కారు ముందు భాగం నిన్న టేపు పెట్టి స్వయంగా కొలిచాను. గీత గీతకీ సరిపోయింది, ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది. ఇరవై ఏళ్ళు కొలతలతో బతికినవాడికి ఇదొక లెక్కా. గుర్రాలాయనకి ఫోన్ చేసి పంపమన్నాను.

ఏప్రిల్ 2

ఇంజన్ వచ్చింది. ఎంత అందంగా ఉందో. గొలుసుల మీద వేలాడుతుంటే షెడ్డులో వాళ్ళంతా పని ఆపి చూశారు.

దింపారు. సరిపోయింది. అప్పుడు సరేసార్ గోడకి ఆనించిన రేడియేటర్ తెచ్చి, "దీన్నెక్కడ పెట్టమంటారు సార్?" అన్నాడు.

నేను కొలిచిన రోజు రేడియేటర్ విప్పేసి ఉంది. ఆ ముక్క ముందే చెప్పాలి కదా మనిషన్నవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇప్పుడు నా కొలతలు తప్పంటే ఎలా?

ముందుకి చోటు లేదు కాబట్టి ఇంజన్ వెనక్కి జరగాలి. వెనక్కి జరగాలంటే ఇంజన్‌కీ మనుషులకీ మధ్య ఉన్న రేకు కొయ్యాలి. స్టీరింగ్ కడ్డీ నా వైపు ఉంది, దాన్ని కదిలించలేం, అందుకని మొత్తం ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ అవతలి వైపుకి నెట్టాలి. సరేసార్ సుద్దముక్కతో పక్కసీటు ముందు గీత గీశాడు.

"ఇక్కడిదాకా వస్తుంది సార్. కాళ్ళు పెట్టుకునే చోటు పోతుంది. పక్కన ఎవరైనా కూర్చుంటారా?"

ఇదేం ప్రశ్న? గీత వంకే చూస్తూ నిలబడ్డాను.

"మా ఆవిడ కూర్చుంటుంది."

"అయితే చిన్న ఇంజన్ వేసేద్దామా సార్? మూలనే ఉంది."

అప్పటికే గుర్రాలాయన ఫోన్లో అందరికీ చెప్పేసి ఉంటాడు. అసలాయన ఫ్లాస్కు మూత కళ్ళ ముందు కనిపించింది.

"నువ్వు కొయ్యి. ఆవిడ సర్దుకుంటుంది," అన్నాను.

"సరే సార్."

సీటు పోవడం లేదు, అది ముఖ్యం. సీటు చెక్కుచెదరదు. కాళ్ళ దగ్గర మాత్రం కొంచెం ఇరుకు. ఆవిడ నాకన్నా రెండంగుళాలు పొడవే కానీ సర్దుకునే మనిషి.

ఏప్రిల్ 3

కోశారు.

ఏప్రిల్ 4

ఆఫీసులో కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుని చూశాను, ఎంతసేపు కూర్చోవచ్చోనని. గుమాస్తా ఫైలు పట్టుకుని లోపలికి వచ్చి, సోడా తెప్పించమంటారా అన్నాడు.

ఏప్రిల్ 12

ఇవాళ స్టార్ట్ చేశాం. ఆ గొంతు గురించి రాయడానికి నా దగ్గర మాటల్లేవు. షెడ్డు రేకులన్నీ అదిరాయి. పక్క వీధిలో కుక్కలు ఒకదానికొకటి చెప్పుకున్నాయి. శనివారమైనా గుర్రాలాయన అందర్నీ పిలిచి ఉంచాడు, నేరుగా పార్కింగ్‌కి తీసుకెళ్ళాను. గుర్రాలాయన కళ్ళు తుడుచుకున్నాడు. అసలాయన బండి వంక చూడకుండా, "మంచి ఇంజనే," అన్నాడు. ఆయన నోటి వెంట ఆ మాట రావడం మాకందరికీ తెలిసి ఇదే మొదలు.

తర్వాత ఒక్కణ్ణీ ఊరి చివరి దాకా వెళ్ళాను. రెండో గేరు నుంచి మూడుకి మార్చగానే ఒక ఊపు వచ్చింది చూడూ, "విన్నావా?" అన్నాను పక్కకి తిరిగి. ఖాళీ సీటు మీద బెల్టు ఊగుతోంది.

దిగులేసింది. బండి ఆపి కాసేపు కూర్చున్నాను. కొత్త ఇంజన్ కదా, అలవాటు పడటానికి టైము పడుతుంది.

ఏప్రిల్ 13

బండి బాగైందని ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం వస్తానంది. గొంతులో సంతోషం వినబడింది. నేను ఊహించుకున్నది కాదు, నిజంగానే వినబడింది.

ఏప్రిల్ 19

ఇల్లు ఊడ్చాను. పక్కసీటు మీద మెత్తటి దిండు వేశాను. తీసేశాను, దిండు వేస్తే తల పైకప్పుకి తగులుతుంది.

ఏప్రిల్ 20

వచ్చింది. చేతిలో చిన్న బ్యాగు. రెండు జతలు పట్టే బ్యాగు. గేటు దగ్గర నుంచే గమనించాను, గమనించనట్టు బానెట్ తుడుస్తున్నాను.

"రంగు కూడా వేయించారా?" అని బండి చుట్టూ తిరిగింది. నవ్వుతూనే ఉంది. పక్క తలుపు తీసి కూర్చుంది. కుడి కాలు లోపల పెట్టింది. ఎడమ కాలు పెట్టబోయింది, రేకు తగిలింది. కుడి కాలు తీసి ఎడమ కాలు పెట్టి చూసింది. పక్కకి తిరిగి రెండూ కలిపి పెట్టి చూసింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటిది?"

"గేర్‌బాక్స్."

"నా కాళ్ళెక్కడ పెట్టుకోవాలి?"

"బాసింపట్టు వేసుకుని కూర్చుంటే హాయిగా ఉంటుంది," అన్నాను. స్టీరింగ్ కడ్డీ గురించి చెప్పాను. రేడియేటర్ విషయంలో సరేసార్ చేసిన మోసం చెప్పాను. ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఫిల్ము లైటుకి పెట్టి చూసేటప్పుడు ఎలా చూస్తుందో అలా ఆ రేకు వంక చూస్తూ, నేను చెప్పిందంతా ఆఖరిదాకా వింది.

"కొయ్యబోయే ముందు అతను అడిగాడా, పక్కన ఎవరైనా కూర్చుంటారా అని?"

అబద్ధం చెప్పొచ్చు. ఎందుకో నోరు రాలేదు. "అడిగాడు."

"మీరేమన్నారు?"

"సర్దుకుంటావన్నాను."

ఆవిడ దిగింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. కోపంగా ఉంటే నాకు బాగుండేది, కోపానికి జవాబులు నా దగ్గర సిద్ధంగా ఉంటాయి.

"ఇన్నాళ్ళూ నాదే అనుమానమేమో అనుకున్నానండీ. ఊరికే ఊహించుకుంటున్నానేమో, మీకు నా మీద ప్రేమ ఉందేమో, చెప్పడం రాదేమో అని. సగం దారి అదే అనుకుంటూ వచ్చాను. బండి చాలా బాగుంది. ఒక్కరికి సరిగ్గా సరిపోయింది."

బ్యాగు తీసుకుంది. తలుపు మెల్లిగా మూసింది. నేను మరదలింటి దాకా దింపుతానన్నాను. అన్నాక, ఎందులో దింపుతానన్నానో అర్థమైంది. ఆవిడకి ముందే అర్థమైనట్టుంది, వెనక్కి తిరగకుండా బస్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 21

ఆవిడ మోకాలి కోసం వెళ్ళలేదు.

ఏప్రిల్ 22

షెడ్డుకి వెళ్ళాను. ఆ పెద్ద ఇంజన్ తీసేసి మూలనున్నది వెయ్యమన్నాను.

"సరే సార్. కానీ మూలనున్నది శనివారమే ఒక టాక్సీలో వేసేశాను సార్." నిజమే, మూలలో స్కూటరు ఉంది. "అలాంటిది ఇంకోటి దొరుకుతుంది లెండి. రేకు కూడా అతకొచ్చు. రెండు మూడు నెలలు పడుతుంది."

"పట్టనీ. అతుకు."

"ఇంత మంచి ఇంజన్ తీసేసి ఆ చిన్నదా సార్?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పాడు, అదీ నేను సరైన మాట చెప్పిన రోజునే.

సాయంత్రం గుర్రాలాయన ఫోన్ చేశాడు. ఏ ఇంజన్ వేయిస్తున్నానో చెప్పాను. "ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అన్నాడు. ఉందన్నాను. ఎన్ని గుర్రాలతో లాగినా వచ్చేది కాదన్నాను. నాకైతే నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు.

ఏప్రిల్ 25

బండి బాగయ్యాక వెళ్దామా, ముందే వెళ్దామా? ఖాళీ చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? మూడు నెలలు ఆగితే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆగడమే మంచిదనిపిస్తోంది.

ఇది రాసి చదువుకుంటే అసలాయన గొంతులా ఉంది.

ఏప్రిల్ 27

బస్సులో వెళ్ళాను. ఈసారి వాళ్ళ వీధి చివరి స్టాపులోనే దిగాను.

మరదలు తలుపు తీసింది. నా వెనక వీధిలోకి తొంగి చూసింది. "బండేది?"

"తేలేదు. నేనే వచ్చాను."

లోపలికి రానిచ్చి, సోఫా మీది ఇస్త్రీ బట్టలు తీసి, "కూర్చోండి బావగారూ. ఇక్కడ కాళ్ళు చాపుకోవచ్చు," అంది. పడాల్సిన మాటే, పడ్డాను. మా ఆవిడ లోపలి గది నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఇంటికి రమ్మని అడగడానికి వెళ్ళాను. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను, బాగానే కుదిరాయి కూడా. తీరా ఆవిడ ఎదురుగా కూర్చున్నాక ఒక్కటే అడిగాను. "ఆ రోజు ఎటైనా వెళ్ళి మాట్లాడుకుందామన్నావు. ఏం మాట్లాడదామనుకున్నావు?"

ఆవిడ నా వంక చూసింది, నిజంగా అడుగుతున్నానా లేదా అని. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో తనకి పెద్ద పదవి ఇస్తామన్నారట, చలికాలం నాటి మాట. ఆ కబురు నాకు మూడుసార్లు చెప్పబోయిందట. నాకు గుర్తులేదు. ఆవిడకి ఏ మూడుసార్లో గుర్తుంది, నేను ఆ మూడుసార్లు ఏ విడిభాగం గురించి మాట్లాడుతున్నానో కూడా గుర్తుంది. చివరికి అడగకుండానే ఒప్పేసుకుందట. ఇంకా చాలా చెప్పింది. కొన్ని నిజం కావనిపించింది, నోరు తెరిచాను. ఆవిడ ఆగింది. ఏం లేదు, చెప్పు అన్నాను. వినడం ఇంత కష్టమైన పని అనుకోలేదు. చెమట పట్టింది.

ఇంటికి వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. నేను అడగలేదు. అడిగితే రాననేస్తుందని భయమేసింది.

గుమ్మం దాకా వచ్చి, "మళ్ళీ ఆదివారం నాకు సెలవే," అంది.

అప్పటికి బండి అవదు, రెండు మూడు నెలలు పడుతుందంటున్నాడు, అయినా సరేసార్ని తొందరపెడతాను అని గబగబా అందుకున్నాను.

"వద్దు," అంది. "బస్సులోనే రండి."

తిరిగి వచ్చేటప్పుడు ఆదివారం బస్సులు ఎప్పుడెప్పుడు ఉన్నాయో కండక్టర్ని అడిగి తెలుసుకున్నాను.